పిల్లలకి కిడ్నీ మార్పిడి: ముందు ముందు ఎలా ఉంటుందో ఎలా చెబుతారు? సరిహద్దు ఊళ్ల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పుట్టి పెరిగాను. విశాఖపట్నంలో కిడ్నీ మార్పిడి విభాగంలో ముందు నర్సుగా, తర్వాత కోఆర్డినేటర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు కుటుంబాలు ‘మన ఊరి సిస్టర్ ఉందట’ అని వెతుక్కుంటూ వచ్చేవి. ఒడియాలో ఉన్న కాగితం చదివిపెట్టమని మొదలుపెట్టేవారు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాక అసలు ప్రశ్న అడిగేవారు. ఆ ప్రశ్నా, దాని వెంట వచ్చినవీ కింద రాశాను. మందు మార్చడం, ఆపడం, మోతాదు తగ్గించడం మాత్రం ఇది చదివి చేయకండి. అవి మీ బిడ్డని చూస్తున్న నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు చెప్పాల్సినవి.

సిస్టర్, మా బాబుకి పెట్టిన కిడ్నీ ఎన్నేళ్లు పనిచేస్తుంది?

బతికున్న దాత ఇచ్చిన కిడ్నీ సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు, చనిపోయిన దాత నుంచి వచ్చినది 10 నుంచి 15 ఏళ్లు పనిచేస్తుందని డాక్టర్లు చెబుతారు. మంచి ఆసుపత్రుల్లో మొదటి ఏడాది తిరిగేసరికి 100 మంది పిల్లల్లో 95 మందికి పైగా కొత్త కిడ్నీ పనిచేస్తూనే ఉంటుంది.

ఈ సంఖ్యల్ని ఎలా వినాలో కూడా చెప్పాలి. 15 ఏళ్లంటే పదహారో ఏట ఆగిపోతుందని కాదు. కొందరికి 3 ఏళ్లకే పోతుంది, కొందరికి 30 ఏళ్లు దాటుతుంది. అందరినీ కలిపి చూస్తే మధ్యలో పడే సంఖ్య అది. ఇంకో సంగతి చాలామంది గమనించరు. 20 ఏళ్ల తర్వాత ఏమవుతుందో చెప్పాలంటే 20 ఏళ్ల కిందట ఆపరేషన్ అయిన పిల్లల్నే లెక్కలోకి తీసుకోవాలి. అప్పటి మందులు వేరు, అప్పటి మ్యాచింగ్ పరీక్షలు వేరు. ఈ ఏడాది ఆపరేషన్ అయిన మీ బాబు ఆ పాత లెక్క కంటే మెరుగ్గా ఉండడానికి వీలుంది. అందుకే ఆ సంఖ్యని ముహూర్తంలా రాసిపెట్టుకోవద్దని చెబుతాను.

పోయినసారి ‘చాలా బాగుంది’ అన్నారు. ఈసారి ‘చూద్దాం’ అంటున్నారు. ఏది నమ్మాలి?

రెండూ నమ్మండి. మన వైపు తుపాను కబురు వినడం అందరికీ అలవాటే. బంగాళాఖాతంలో దూరంగా ఉన్నప్పుడు విశాఖ నుంచి పూరీ దాకా ఎక్కడైనా తాకవచ్చంటారు. దగ్గరపడేకొద్దీ ఆ వెడల్పు తగ్గుతుంది, తాకే చోటు తేలుతుంది. ముందు చెప్పినవాళ్లు అబద్ధమాడారని మనం అనుకోం. కిడ్నీ అంచనా కూడా అలాగే కదులుతుంది. ఆపరేషన్ రోజున తెలిసేవి దాత వయసు, మ్యాచింగ్, బిడ్డ పాత జబ్బు లాంటివే. ఏడాది తిరిగేసరికి కిడ్నీ ఎంత శుభ్రం చేస్తోందో, రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదని ఎదిరించడం) వచ్చిందో లేదో, రక్తంలో మందు లెవెల్ నిలకడగా ఉందో లేదో తెలుస్తాయి. అంచనా బిగుస్తుంది, ఒక్కోసారి దిశ కూడా మారుతుంది.

కాబట్టి ‘ఎన్నేళ్లు’ అని ఒక్కసారి అడిగి ఊరుకోకండి. ఏడాదికోసారి ‘పోయినేడుతో పోలిస్తే మా పాప పరిస్థితి ఎటు కదిలింది, ఎందుకు?’ అని అడగండి. మీరు ఇంటికి తీసుకెళ్లి వాడుకోగలిగేది ఆ ‘ఎందుకు’ అన్న దానికి వచ్చే జవాబే.

అసలు ఏమేమి చూసి చెబుతారు?

ఆపరేషన్‌కి ముందే ఖరారైపోయేవి కొన్ని. అన్నిటికంటే ముందు, దాత ఎవరు అన్నది. బతికున్న దాత కిడ్నీ ఒక గదిలో తీసి పక్క గదిలో పెడతారు. రక్తం అందకుండా ఐసులో ఉండే సమయం చాలా తక్కువ. చనిపోయిన దాత కిడ్నీ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గంటల తరబడి ప్రయాణం చేసి రావచ్చు. దాత వయసు మరీ ఎక్కువైతే కిడ్నీకి మిగిలిన ఆయుష్షు తక్కువ. మరీ పసిబిడ్డ కిడ్నీ అయితే రక్తనాళాలు సన్నగా ఉండి గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. పెద్దవాళ్ల కిడ్నీ చిన్న పిల్లల కడుపులో పడుతుందా అని అడుగుతారు, పడుతుంది. చాలా ఆసుపత్రులు బిడ్డ 10 కిలోల బరువు దాకా వచ్చేవరకూ ఆగుతాయి.

తర్వాత మ్యాచింగ్, అంటే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష. కణాల మీద ఉండే గుర్తులు దాతవీ బిడ్డవీ ఎంత కలుస్తాయో చూస్తారు. ఆ గుర్తులు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం బిడ్డకి వస్తాయి కాబట్టి కన్నవాళ్లలో ఎవరిచ్చినా కనీసం సగం కలుస్తుంది. డీఆర్, డీక్యూ అనే రెండు చోట్ల తేడా ఎక్కువ ఉంటే తర్వాతి ఏళ్లలో కొత్త కిడ్నీ మీద దాడిచేసే యాంటీబాడీలు పుట్టే ప్రమాదం పెరుగుతుంది. డయాలసిస్ ఎన్నాళ్లు చేశారన్నదీ లెక్కలోకి వస్తుంది. అసలు డయాలసిస్ దాకా వెళ్లకుండానే మార్పిడి జరిగిన పిల్లలు మెరుగ్గా ఉంటున్నారు. మగపిల్లల్లో పుట్టుకతో మూత్రనాళంలో పొరలు అడ్డుపడి కిడ్నీలు పాడైన వాళ్లుంటారు. వాళ్లకి మూత్రసంచి కూడా బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని సరిచేయకుండా కొత్త కిడ్నీ పెడితే పాత ఒత్తిడే కొత్త కిడ్నీ మీదా పడుతుంది. అందుకే కొందరికి రోజూ గొట్టం పెట్టి మూత్రం తీయడం నేర్పిస్తారు. అది చూసి తల్లులు ఏడుస్తారు. ఆ చిన్న గొట్టమే కిడ్నీని కాపాడుతోందని అప్పుడు చెప్పడం కష్టంగా ఉండేది, అయినా చెప్పేదాన్ని.

ఆపరేషన్ తర్వాత తేలేవి ఇంకా బరువైనవి. కిడ్నీ వెంటనే మూత్రం చేసిందా, లేక కొన్నాళ్లు డయాలసిస్ పెట్టాల్సి వచ్చిందా? రిజెక్షన్ ఎన్నిసార్లు వచ్చింది, మందుకి పూర్తిగా లొంగిందా? మూత్రంలో ప్రోటీన్ పోతోందా? బీపీ అదుపులో ఉందా? బీకే, సీఎంవీ లాంటి వైరస్‌లు పట్టుకున్నాయా? వీటన్నిటిలోకీ నేను ఎక్కువ గురి పెట్టేది ఏడాది నిండినప్పటి కిడ్నీ పనితనం మీద, ఆ తర్వాత అది ఏ వాలులో నడుస్తోందన్న దాని మీద. కిడ్నీ పనితనం చెప్పే సంఖ్య (ఆ లెక్క కింద ఉంది) 70 దగ్గర మొదలై ఏటా 8 తగ్గుతున్న బిడ్డ కంటే 55 దగ్గర మొదలై 4 ఏళ్లుగా అక్కడే నిలిచిన బిడ్డ గురించి నాకు ధైర్యం ఎక్కువ.

క్రియాటినిన్ 0.9 వచ్చింది. ల్యాబు కాగితం మీద నార్మల్ అనే ఉంది. డాక్టరుగారు ఎందుకు ముఖం అలా పెట్టారు?

ఈ ఒక్క జవాబు అందరూ కాగితం మీద రాసి పెట్టుకోవాలని నా కోరిక. ల్యాబు కాగితం మీద ఉండే ‘నార్మల్’ చాలాసార్లు పెద్దవాళ్లది. క్రియాటినిన్ కండరాల్లోంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ దాన్ని బయటికి పంపాలి. పిల్లలకి కండ తక్కువ కాబట్టి వాళ్ల క్రియాటినిన్ సహజంగానే తక్కువ ఉండాలి.

పిల్లలకి వాడే సులువైన లెక్క ఒకటుంది. 2009లో సవరించిన ష్వార్ట్జ్ సూత్రం అంటారు. బిడ్డ ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో హెచ్చవేసి, క్రియాటినిన్‌తో భాగించండి. 95 సెంటీమీటర్ల బిడ్డకి 0.9 ఉంటే సుమారు 44 వస్తుంది. దాన్నే ఈజీఎఫ్‌ఆర్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకి అది 90 పైన ఉంటుంది. అంటే ‘నార్మల్’ అని రాసిన ఆ 0.9 వెనక కిడ్నీ సగం పనే చేస్తోంది. అదే 0.9 ఉన్న 150 సెంటీమీటర్ల పిల్లకి సుమారు 69 వస్తుంది.

ఇది రెండోవైపు కూడా పనిచేస్తుంది. బిడ్డ ఎదుగుతూ ఉంటే క్రియాటినిన్ కొద్దికొద్దిగా పెరగడం సహజమే. ఎత్తుతో కలిపి లెక్కవేస్తే ఈజీఎఫ్‌ఆర్ నిలకడగానే ఉండవచ్చు. అందుకే ప్రతి విజిట్‌లో ఎత్తు కొలిపించి క్రియాటినిన్ పక్కనే రాయించుకోండి. రాయగడ నుంచి వచ్చే ఒక తండ్రి బడి నోటుబుక్కులో 6 ఏళ్లుగా తేదీ, ఎత్తు, బరువు, బీపీ, క్రియాటినిన్, మందు లెవెల్ గళ్లు గీసి రాశారు. ఒక ఆసుపత్రిలో పాత రికార్డు దొరక్క అందరూ కంగారుపడిన రోజు డాక్టరుగారు ఆ పుస్తకం చూసే నిర్ణయం తీసుకున్నారు.

కంప్యూటర్‌లో వేస్తే శాతం వస్తుందట కదా?

వస్తుంది. పారిస్ బృందం 2019లో ప్రకటించిన ఐబాక్స్ అనే పద్ధతి వాటిలో పేరున్నది. ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో ప్రోటీన్, దాత మీద పుట్టిన యాంటీబాడీలు, బయాప్సీలో (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్షలో) కనిపించిన మచ్చలూ వాపూ, ఆపరేషన్ అయి ఎన్నాళ్లయిందన్నదీ కలిపి, 3, 5, 7 ఏళ్ల తర్వాత కిడ్నీ పనిచేస్తూ ఉండే అవకాశం ఎంతో చెబుతుంది. దాన్ని తయారుచేసి సరిచూడడానికి 7,500 మందికి పైగా రోగుల వివరాలు వాడారు. దాని గురి 0.81. అంటే ఇద్దరు రోగుల్ని చూపించి ఎవరి కిడ్నీ ముందు పోతుందని అడిగితే 100లో సుమారు 81 సార్లు సరిగ్గా చెబుతుంది.

ఇది పెద్దవాళ్ల వివరాలతో కట్టినది. తర్వాత పిల్లల్లోనూ పరీక్షించి చూశారు, వాళ్లలోనూ పనికొచ్చింది. కానీ వరుస సరిగ్గా చెప్పడం ఒకటి, శాతం సరిగ్గా చెప్పడం ఇంకొకటి. ఇద్దరిలో ఎవరికి ప్రమాదం ఎక్కువో అది బాగానే పట్టుకోవచ్చు. ‘5 ఏళ్లకి 82 శాతం’ అన్న సంఖ్య మాత్రం ఎక్కడి రోగుల మీద కట్టారో అక్కడి పరిస్థితులకి సరిపోతుంది. టీబీ, విరేచనాలు, నెలాఖరుకి మందు అయిపోవడం, వర్షాకాలంలో ఘాట్ రోడ్డు తెగిపోవడం ఆ లెక్కలో లేవు. మా సరిహద్దు పిల్లల విషయంలో నేను చూసిన నష్టాలు ఎక్కువగా ఆ లెక్కలో లేనివాటి వల్లే వచ్చాయి.

తిత్లీ అప్పుడు మందులు దొరకలేదు. అలాంటిది మళ్లీ వస్తే?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా కొండల్లో రోడ్లు తెగాయి, కరెంటు పోయింది. ఆ వారంలో నాకు వచ్చిన ఫోన్లన్నీ ఒకటే: ‘సిస్టర్, టాక్రోలిమస్ రెండు రోజులకే ఉంది.’ రిజెక్షన్ రాకుండా రోజూ వేసే మందు అది. అప్పటి నుంచి నేను ప్రతి ఇంటికీ చెబుతున్నాను. ఎప్పుడూ 15 రోజుల మందు అదనంగా ఉంచండి. కొత్త సీసా వచ్చినప్పుడు పాతది ముందు వాడి కొత్తది దాచండి. నీళ్లు తగలని డబ్బాలో, చీటీ జిరాక్సుతో సహా పెట్టండి. ఈ మందులు జిల్లా కేంద్రం దాటితే మందుల షాపుల్లో దొరకడం అరుదు.

లెవెల్ ఒకసారి 9, ఒకసారి 4 వస్తోంది. మందు సమయానికే ఇస్తున్నాం.

టాక్రోలిమస్ లెవెల్ ఎంత ఉందన్నదే కాకుండా ఎంత ఊగుతోందన్నది కూడా కిడ్నీ భవిష్యత్తు చెబుతుంది. ఊగిసలాట 30 శాతం దాటిన వాళ్లలో రిజెక్షన్లు, యాంటీబాడీలు ఎక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. కాబట్టి కారణం వెతకాల్సిందే.

ముందు పరీక్ష రోజు సంగతి. రాత్రి 8కి మందు వేసుంటే రక్తం ఉదయం 8 ప్రాంతంలో, ఆ పూట మందు వేయకముందు ఇవ్వాలి. గుణుపురం నుంచి రైల్లో వచ్చేవాళ్లు దారిలోనే పొద్దుటి మందు వేసేసి వచ్చి రక్తం ఇస్తారు. లెవెల్ ఎక్కువ కనిపిస్తుంది, డాక్టరు మోతాదు తగ్గిస్తారు, అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. వేసేసి ఉంటే దాచకుండా చెప్పండి.

తర్వాత కడుపు. విరేచనాలు పట్టుకుంటే లెవెల్ పెరుగుతుంది. చాలామంది తగ్గుతుందనుకుంటారు. పంపరపనస తినిపించకండి, అదీ పెంచుతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ లెవెల్‌ని బాగా పడగొడతాయి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ పెంచుతాయి. షాపువాడు ఇదీ అదీ ఒకటేనని వేరే కంపెనీ టాక్రోలిమస్ ఇస్తే తీసుకోకండి. రోజుకి రెండుసార్లు వేసేదీ, ఒక్కసారి వేసేదీ రెండు రకాలున్నాయి, ఒకదాని బదులు ఇంకొకటి ఇవ్వకూడదు.

ఇంకొకటి బతిమాలి చెబుతున్నాను. జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించకండి. ఆ జాతి నొప్పి మందులు కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, టాక్రోలిమస్‌తో కలిస్తే మరీను. జ్వరానికి పారాసిటమాల్ ఇచ్చి ఫోన్ చేయండి. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు అయితే ఆ రోజే మలేరియా పరీక్ష కూడా చేయించండి. నాటు మందు, పసరు అసలే వద్దు.

మా పాపకి అసలు ఏ జబ్బు వల్ల కిడ్నీలు పోయాయో ఎవరూ తేల్చలేదు. ఇప్పుడు తెలుసుకుని ఏం లాభం?

చాలా లాభం. కొన్ని జబ్బులు కొత్త కిడ్నీకీ వస్తాయి. ఎఫ్‌ఎస్‌జీఎస్ అనే రకం నెఫ్రోటిక్ జబ్బుతో (మూత్రంలో ప్రోటీన్ పోయే జబ్బు) కిడ్నీ పోయిన పిల్లల్లో సుమారు 30 శాతం మందికి కొత్త కిడ్నీలోనూ తిరగబెడుతుంది, కొందరికి ఆపరేషన్ అయిన గంటల్లోనే మూత్రంలో ప్రోటీన్ మొదలవుతుంది. అలా తిరగబెట్టి మొదటి కిడ్నీ పోతే, రెండోదానిలో మళ్లీ వచ్చే అవకాశం 80 శాతం దాకా ఉంటుంది. అదే జబ్బు ఒక జన్యులోపం వల్ల వచ్చిందని తేలితే తిరగబెట్టడం చాలా అరుదు. జన్యు పరీక్ష చేయించడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

మన ఇళ్లలో మేనరికాలున్నాయి. మేనమామకో, మేనబావకో ఇచ్చి చేసిన ఇళ్లలో తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా ఒకే లోపం దాగి ఉండి, బిడ్డలో బయటపడవచ్చు. ఈ మాట చెబితే ఆ తల్లికి ఇంట్లో నిందలు మొదలవుతాయని నాకు తెలుసు. లోపం ఇద్దరి నుంచీ వస్తేనే ఆ జబ్బు వస్తుంది, నింద ఒక్కరిది కాదు, నిజానికి ఎవరిదీ కాదు. తెలుసుకోవాల్సింది తర్వాతి బిడ్డ కోసం, దాతని ఎంచడం కోసం. ప్రైమరీ హైపరాక్సలూరియా లాంటి జబ్బులో లోపం కాలేయంలో ఉంటుంది. ఆ సంగతి తేల్చకుండా కిడ్నీ ఒక్కటే మారిస్తే రాళ్లు కట్టే ఆక్సలేట్ అనే ఉప్పు పేరుకుని అదీ పోతుంది.

మా పుట్టింటిది ఉద్దానం. నా కిడ్నీ ఇవ్వవచ్చా?

ఇవ్వలేరని కాదు. మిగతావాళ్ల కంటే జాగ్రత్తగా చూడాలి. ఉద్దానంలో, అంటే శ్రీకాకుళం జిల్లా కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస మండలాల వైపు వచ్చే కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా ఖాయం చేయలేదు. అది ఎక్కువగా పొలం పనుల్లో ఉండే నడివయసు వాళ్లని పట్టుకుంటుంది, పిల్లల్లో కిడ్నీ పోవడానికి కారణాలు వేరు. అయితే పాతికేళ్ల తల్లికి ఇవాళ అన్నీ బాగున్నా, అన్నదమ్ములకీ తండ్రికీ జబ్బు ఉంటే, ఒక్క కిడ్నీతో ఆమె 50 ఏళ్లు ఎలా ఉంటుందో ఆలోచించాలి. పుట్టింట్లో ఎవరెవరికి ఉందో దాచకుండా చెప్పండి. బిడ్డ కోసం దాచిన తల్లుల్ని చూశాను. వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ ఆ బిడ్డకి కిడ్నీతో పాటు తల్లీ కావాలి.

మామూలు దాతకి ఆపరేషన్‌లో ప్రాణాపాయం 10,000 మందిలో 3గా లెక్కగట్టారు. ఆ తర్వాత కూడా ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్ర పరీక్ష తల్లికీ చేయించాలి. బిడ్డ విజిట్‌కి వచ్చినప్పుడే చేయించేయండి, వేరేగా ఆమె ఎప్పటికీ రాదు.

అమ్మ సరిపోలేదు, నాన్నకి షుగర్. మేనమామ ఇస్తానంటున్నాడు.

మనకి మేనమామ కంటే దగ్గరివాడు ఎవరు? చట్టంలో మాత్రం ఆయన దగ్గరి బంధువు కాడు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, భార్యాభర్తలు ఉన్నారు. 2011 సవరణతో తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ, మనవలు చేరారు. మేనమామ ఇవ్వాలంటే అనుమతి కమిటీ ముందుకి వెళ్లాలి, డబ్బు చేతులు మారలేదని తేలాలి. 18 ఏళ్లలోపు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు బతికుండగా ఇవ్వడానికి మామూలుగా వీల్లేదు. అమ్మమ్మకి 58 ఏళ్లుండి ఆరోగ్యంగా ఉంటే ముందు ఆవిడని పరీక్ష చేయించండి. అదే సవరణతో, రెండు కుటుంబాల దగ్గరి బంధువులు ఒకరి బిడ్డకి ఒకరు ఇచ్చుకునే మార్పిడికి కూడా దారి ఉంది.

చనిపోయిన దాత కోసం పేరు రాయించాలంటే, 2023లో కేంద్రం ఆ రాష్ట్రవాసే కావాలన్న షరతు తీసేయమంది. ఒడిశావాళ్లు ఆంధ్రలో ఉన్న ఆసుపత్రి ద్వారా పేరు రాయించుకునే వీలుందేమో ఆ ఆసుపత్రిలోనే అడగండి. కానీ కిడ్నీ వచ్చిందన్న ఫోన్ వచ్చిన కొన్ని గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి. రాయగడ నుంచి రాత్రి పూట బండి ఎవరు తోలతారో ముందే అనుకుని పెట్టుకోండి.

రక్తం తక్కువగా ఉందని ఎక్కించమంటున్నారు. ఎక్కించవచ్చా?

ప్రాణం మీదకి వస్తే ఎక్కించాల్సిందే. కానీ మార్పిడి కోసం ఎదురుచూస్తున్న బిడ్డకి ఎక్కించిన ప్రతి సీసాతో పరాయి కణాల మీద యాంటీబాడీలు పుట్టే అవకాశం ఉంది. అవి పుడితే దాత దొరకడం కష్టం, దొరికినా కిడ్నీ నిలవడం కష్టం. రక్తం పట్టించే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, ఐరన్‌తో లాగగలమా అని అడగండి. ఊళ్లో ఆసుపత్రిలో ఎవరైనా రక్తం అనగానే ‘మా బిడ్డ మార్పిడి లిస్టులో ఉంది, పెద్ద డాక్టరుతో మాట్లాడండి’ అనండి.

పదేళ్లు బాగానే ఉంది. ఇప్పుడు పదిహేడేళ్లకి ఇలా అయిందేమిటి?

పెద్ద పెద్ద లెక్కల్లో తేలింది ఏమిటంటే, కిడ్నీ ఎక్కువగా పోయే వయసు 17 నుంచి 24 మధ్య. చిన్న పిల్లలకి అమ్మ నోట్లో వేస్తుంది. ఈ వయసులో బిడ్డ హాస్టల్లో ఉంటుంది, మందు వల్ల ముఖం ఉబ్బిందని, ఎత్తు పెరగలేదని, రోమాలు వచ్చాయని బాధపడుతుంది, స్నేహితుల ముందు మాత్ర వేసుకోదు. పైగా పిల్లల డాక్టరు దగ్గర నుంచి పెద్దల డాక్టరు దగ్గరికి మారే కాలం కూడా ఇదే. బరంపురంలో ఇంటర్‌లో చేరిన ఒక అబ్బాయి 4 నెలలు రాత్రి మాత్ర మానేశాడు. చెబితే కొడతారని చెప్పలేదు. యాంటీబాడీలు పుట్టి, ఆ పుట్టడం కూడా ఎవరికీ కనిపించక, క్రియాటినిన్ పెరిగాకే బయటపడింది.

డీఎస్‌ఏ అని కాగితం మీద చూస్తే ఆ యాంటీబాడీలే. అవి కొత్తగా కనిపించాయంటే అంచనా కిందికి దిగుతుంది. అయినా ముందే పట్టుకుంటే మందు సరిచేసి ఏళ్ల తరబడి నెట్టుకురావచ్చు. అందుకని క్రియాటినిన్ బాగున్నా ఆ పరీక్ష ఏడాదికోసారి చేస్తారా అని అడగండి.

మాత్ర మానేసిందని తెలిస్తే కోప్పడకండి. 12 ఏళ్ల నుంచే మందుల పేర్లు, మోతాదు బిడ్డ నోటితో డాక్టరుకి చెప్పించండి. 14 వచ్చేసరికి మీరు ఐదు నిమిషాలు బయట కూర్చోండి, బిడ్డ ఒంటరిగా మాట్లాడాలి.

డబ్బు?

ఆంధ్ర ఆరోగ్య కార్డు ఒడిశావాళ్లకి చెల్లదు. ఆయుష్మాన్ కార్డు ఆ పథకంలో చేరిన ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. కానీ కిడ్నీ మార్పిడి, ఆ తర్వాత జీవితాంతం మందులు దానిలో వస్తాయో లేదో చేరకముందే ఆసుపత్రి డెస్కులో కాగితం మీద రాయించుకోండి. చాలా ఇళ్లు ఆపరేషన్‌కి అప్పు చేస్తాయి. మూడో ఏడు మందుల డబ్బు లేక ఆగిపోతాయి. మొదటి రోజే నెల మందుల ఖర్చు అడిగి, 5 ఏళ్లకి లెక్కవేసి, అప్పుడు నిర్ణయించుకోండి.

‘ఆడపిల్ల కదా, డయాలసిస్‌తో నడిపిద్దాం’ అన్న మాట నా ముందు అన్నవాళ్లు ఉన్నారు. మార్పిడి అయిన పిల్లలు డయాలసిస్ మీద ఉన్నవాళ్ల కంటే ఎక్కువకాలం బతుకుతారు, ఎక్కువ ఎదుగుతారు, బడికి వెళ్తారు. ఈ విషయంలో ఆడపిల్ల శరీరానికీ మగపిల్లాడి శరీరానికీ తేడా లేదు.

ఎత్తు పెరుగుతుందా? పెళ్లి, పిల్లలు?

ఆరేళ్లలోపు మార్పిడి అయితే ఎత్తు బాగా అందుకుంటారు. తర్వాత అయితే కొంత లోటు మిగలవచ్చు. స్టెరాయిడ్ ఎంత తక్కువలో ఉంచగలరో అడగండి. తట్టు, ఆటలమ్మ టీకాలు బతికున్న క్రిములతో చేసినవి కాబట్టి ఆపరేషన్‌కి ముందే వేయించాలి. ఆడపిల్లలు తల్లులు కావచ్చు. కిడ్నీ నిలకడగా ఉండాలి, బీపీ అదుపులో ఉండాలి, కడుపులో బిడ్డకి హాని చేసే మైకోఫెనోలేట్ మందుని గర్భానికి కనీసం 6 వారాల ముందే డాక్టరు మార్చాలి. పెళ్లి సంబంధం దగ్గర దాచితే ఆ పిల్ల అత్తారింట్లో మాత్రలు దాచుకుని మింగాల్సి వస్తుంది, అందుకే దాచవద్దంటాను.

‘నాకు ఇంకో కిడ్నీ కావాలా సిస్టర్?’

ఇది తల్లిదండ్రులు అడిగినది కాదు. కాశీనగరం పాప, 11 ఏళ్లు, వాళ్లమ్మ మందుల చీటీ తేవడానికి వెళ్లినప్పుడు అడిగింది. కావాలనే చెప్పాను. నీకు ఇప్పుడు పదకొండు, నువ్వు చాలా ఏళ్లు బతుకుతావు కాబట్టి ఒక్క కిడ్నీ ఆ దారంతా రాకపోవచ్చు, అప్పుడు ఇంకొకటి పెడతారు, రెండోసారి పెట్టించుకుని ఉద్యోగాలు చేసుకుంటున్న వాళ్లు ఉన్నారు అన్నాను. మొదటిదాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటే, యాంటీబాడీలు ఎంత తక్కువ పుడితే, రెండోది దొరకడం అంత సులువవుతుందనీ చెప్పాను. కాసేపు ఆలోచించి, ‘అయితే రాత్రి మాత్రకి ఫోన్‌లో అలారం నేనే పెట్టుకుంటాను, అమ్మ మర్చిపోతోంది’ అంది. వాళ్లమ్మ తిరిగొచ్చేసరికి ఇద్దరం కలిసి 8 గంటలకి పెట్టేశాం.